ఎడమకి చకచకా, కుడికి బద్ధకంగా: ఐలరాన్‌ల త్రో సమానంగా రావట్లేదు, ఎక్కడ చూడాలి?

కొత్తరెక్క_గుంటూరు:

అందరికీ నమస్తే. ఈమధ్య సెకండ్‌హ్యాండ్‌లో ఒక రేడియో కంట్రోల్ విమానం తీసుకున్నాను, హై వింగ్ ట్రైనర్ (రెక్క బాడీ పైన ఉండే, నేర్చుకునేవాళ్ళ మోడల్). బాల్సా బాడీ, 1400 మి.మీ. రెక్క, ఎలక్ట్రిక్. రెక్క కింద ఒక్కో ఐలరాన్‌కి (రెక్క వెనక అంచులో లేచి దిగే పలక) ఒక్కో సర్వో (దాన్ని కదిపే చిన్న మోటార్) ఉంది, రెండూ వై కేబుల్‌తో (ఒకే సిగ్నల్‌ని రెండుగా పంచే తీగ) కలిసి రిసీవర్‌లో ఒకటో ఛానెల్‌కి వెళ్తాయి. ట్రాన్స్‌మిటర్ ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6.

ఎగురుతుంది, దిగుతుంది, ఆ గొడవ లేదు. కానీ స్టిక్ పూర్తిగా ఎడమకి నొక్కితే టక్కున తిరిగిపోతుంది, అదే కుడికి నొక్కితే ఆలోచించుకుని తిరుగుతున్నట్టు ఉంటుంది. ల్యాండింగ్‌కి వచ్చేటప్పుడు కుడి మలుపు తీసుకోవాలంటే ప్రతిసారీ టెన్షనే. మొదట బరువు ఒక పక్కకి ఎక్కువైందేమో అనుకుని రెక్క చివర్లు ఎత్తి చూశాను, సమానంగానే ఉంది. రెక్క మెలి తిరిగిందా అని చూశాను, లేదు. తర్వాత టేబుల్ మీద పెట్టి స్కేలుతో ఐలరాన్‌ల త్రో, అంటే అవి కదిలే దూరం, కొలిచాను. ఐలరాన్ వెడల్పు 45 మి.మీ., వెనక అంచు దగ్గర కొలత ఇలా వచ్చింది: ఎడమ ఐలరాన్ పైకి 14, కిందికి 11 చిల్లర. కుడి ఐలరాన్ పైకి 11 చిల్లర, కిందికి 14. స్టిక్ వదిలేస్తే రెండూ రెక్కతో చక్కగా కలిసిపోతున్నాయి.

దీన్ని ట్రాన్స్‌మిటర్‌లో సరిచేయాలా, విప్పి సరిచేయాలా? విప్పాలంటే ఏది విప్పాలి?

డీజిల్_నుంచి_లిపో:

దీనికి విప్పడం ఎందుకు బ్రదర్. ట్రాన్స్‌మిటర్‌లో ఎండ్ పాయింట్స్‌లోకి (సర్వో ఒక్కో పక్కకి ఎంతవరకూ తిరగాలో పెట్టే చోటు) వెళ్ళి ఒకటో ఛానెల్ ఎడమ వైపు 100ని 80కి దించండి. ఎడమకి తిప్పినా 11, కుడికి తిప్పినా 11. రెండు నిమిషాల పని. నేను చాలా మోడళ్ళకి అలాగే చేశాను, హాయిగా ఎగురుతున్నాయి.

విశాఖ_థర్మల్:

గుంటూరు మిత్రమా, మీరు నాలుగు కొలతలూ రాయడం చాలా మంచిదైంది. చాలామంది "ఒక పక్క తక్కువ తిరుగుతోంది" అని రాసి ఊరుకుంటారు, అక్కడి నుంచి ఏం తేల్చలేం. మీ అంకెల్లోనే జవాబు ఉంది.

ఎడమది పైకి ఎక్కువ, కుడిది కిందికి ఎక్కువ. అంటే రెండు రెక్కల తేడా ఒకదానికొకటి తిరగేసినట్టుంది. రెండు ఐలరాన్‌లూ పైకే ఎక్కువ వెళ్ళి ఉంటే నేను హార్న్ (ఐలరాన్‌కి బిగించిన, పుష్‌రాడ్ కడ్డీ తగిలించే చిన్న కొమ్ము) దగ్గర వెతకమనేవాణ్ణి. ఇలా తిరగేసి వచ్చిందంటే, పైగా వై కేబుల్ కూడా ఉందంటే, నా చూపు నేరుగా సర్వో ఆర్మ్‌ల (సర్వో షాఫ్ట్ మీద బిగించి, పుష్‌రాడ్‌ని కదిపే చేతులు) మీదికే పోతుంది. రెక్క తిప్పి పడుకోబెట్టి, రేడియో ఆన్ చేసి, స్టిక్ మధ్యలో ఉంచి రెండు ఆర్మ్‌లనూ పక్క నుంచి చూడండి. ఎడమ ఆర్మ్ కాస్త ముందుకి, అంటే లీడింగ్ ఎడ్జ్ (రెక్క ముందు అంచు) వైపుకి, కుడి ఆర్మ్ అంతే వెనక్కి వాలి ఉంటాయని నా అంచనా.

కారణం ఇది. రెండూ ఒకే రకం సర్వోలు, ఒకే సిగ్నల్ వెళ్తుంది, కాబట్టి రెండూ ఒకే దిక్కుకి తిరుగుతాయి. రెక్కలో మాత్రం ఎదురెదురుగా బిగిస్తాం, అందుకే ఒక ఐలరాన్ లేస్తే ఇంకోటి దిగుతుంది. ఇప్పుడు రెండు సర్వోలకీ ఆర్మ్‌ని స్ప్లైన్ (షాఫ్ట్ చివర ఉండే పళ్ళు) మీద ఒకే పన్నులో పెట్టారనుకోండి. సర్వో లెక్కలో రెండూ ఒకే పక్కకి వాలాయి, రెక్క లెక్కలో ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. క్లెవిస్ (పుష్‌రాడ్ చివర మరతో తిరిగే క్లిప్పు) తిప్పి పుష్‌రాడ్ పొడవు సరిచేస్తే ఐలరాన్‌లు మధ్యలో చక్కగా నిలబడతాయి, బయటికి ఏ లోపమూ కనిపించదు. స్టిక్ చివరికి వెళ్ళినప్పుడు బయటపడుతుంది.

వాలిన ఆర్మ్ రెండు పక్కలకీ సమానంగా లాగలేదు. స్టిక్ చివరికి సర్వో 40 డిగ్రీలు తిరుగుతుంది, ఆర్మ్ మీద మీ రంధ్రం షాఫ్ట్ నుంచి 8 మి.మీ. దూరంలో ఉంది అనుకుందాం. ఆర్మ్ పుష్‌రాడ్‌కి సరిగ్గా 90 డిగ్రీల్లో ఉంటే పుష్‌రాడ్ అటు 5.1, ఇటు 5.1 మి.మీ. కదులుతుంది. ఆర్మ్ 15 డిగ్రీలు ముందుకి వాలి ఉంటే వెనక్కి తోసేది దాదాపు 5.5, ముందుకి లాగేది 4.5. హార్న్ రెక్క కింద ఉంది కాబట్టి తోస్తే ఐలరాన్ లేస్తుంది, లాగితే దిగుతుంది. హార్న్ ఎత్తు 17-18 మి.మీ. ఉంటే ఐలరాన్ అంచు దగ్గర అది అటూ ఇటూగా 14, 11.5 అవుతుంది. మీరు కొలిచింది అదే.

ఆ 15 డిగ్రీలు కూడా ఊరికే చెప్పలేదు. ఫుటాబా రకం స్ప్లైన్‌కి 25 పళ్ళు. ఒక పన్ను అంటే 14.4 డిగ్రీలు. ఒక్క పన్ను పక్కన బిగిస్తే చాలు, ఈ తేడా మొత్తం వస్తుంది.

ఇక పై మిత్రుడు చెప్పిన ఎండ్ పాయింట్ పద్ధతి. అది ఈ చోట సరైంది కాదు, ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను. ఆర్మ్ వాలడం వల్ల వచ్చే తేడా స్టిక్ మొత్తంలో ఒకేలా ఉండదు. మధ్య దగ్గర తేడా దాదాపు సున్నా, సగం స్టిక్‌లో పదో వంతు, చివరికి వెళ్ళేసరికి ఐదో వంతు. ఎండ్ పాయింట్‌ని 80 చేస్తే అది ఎడమ పక్క మొత్తాన్నీ మధ్య నుంచి చివరిదాకా ఐదో వంతు తగ్గించేస్తుంది. చివర సమానమవుతుంది, నిజమే. కానీ మనం గాల్లో నూటికి తొంభై పాళ్ళు వాడేది మధ్య స్టిక్కే కదా, అక్కడ ఇంతవరకూ సమానంగా ఉన్నది ఇప్పుడు ఎడమకి తక్కువ, కుడికి ఎక్కువ అయిపోతుంది. స్కేలు పెట్టి చూస్తే బాగుంటుంది, చేతికి మాత్రం తెలుస్తూనే ఉంటుంది.

సబ్‌ట్రిమ్ (రేడియోలో సర్వో మధ్య స్థానాన్ని జరిపే సెట్టింగు) కూడా ముట్టుకోకండి. వై కేబుల్ మీద సబ్‌ట్రిమ్ తిప్పితే రెండు సర్వోలూ ఒకే పక్కకి తిరుగుతాయి, ఒక ఐలరాన్ లేచి ఇంకోటి దిగుతుంది, ఒకదాన్ని బాగుచేయబోతే ఇంకోటి పాడవుతుంది.

కొత్తరెక్క_గుంటూరు:

థర్మల్ గారూ, ఇప్పుడే చూశాను. సరిగ్గా మీరు చెప్పినట్టే ఉన్నాయి. పాత ఓనర్ బిగించినవి అలాగే ఉన్నాయి. ఆర్మ్ పక్కన మూలమట్టం ఆనించి చూస్తే ఎడమది ముందుకి, కుడిది వెనక్కి, కంటికి తెలిసేంత వాలు. రంధ్రం దూరం 8 కంటే కొద్దిగా ఎక్కువ.

ఎడమది విప్పి ఒక పన్ను జరిపి పెట్టాను, దాదాపు నిటారుగా వచ్చింది. కుడిది మాత్రం ఒక పన్ను జరిపితే ఇప్పుడు కొంచెం ముందుకి వాలుతోంది, వెనక్కి జరిపితే మళ్ళీ మొదటికొస్తోంది. సర్వో ఒకే మోడల్ అయినా ఇలా ఎందుకు? మధ్యలో ఆగేలా పెట్టడానికి మార్గం ఉందా? ఫైల్‌తో రుద్దమంటారా?

విశాఖ_థర్మల్:

రుద్దకండి, స్ప్లైన్ లూజైతే గాల్లో ఆర్మ్ జారిపోతుంది. ఒకే మోడల్ అయినా రెండు సర్వోల మధ్య స్థానం కొద్దిగా తేడా ఉంటుంది, చవక సర్వోల్లో ఇంకాస్త ఎక్కువ.

సర్వోతోపాటు వచ్చిన ప్యాకెట్‌లో ప్లస్ ఆకారంలో నాలుగు చేతుల ఆర్మ్ ఉంటుంది, అది తీయండి. 25ని నాలుగుతో భాగిస్తే సరిగ్గా పోదు, 6.25 వస్తుంది. కాబట్టి ఆ ప్లస్‌ని పావు చుట్టు తిప్పి పెడితే ఒక్కో చెయ్యి పన్నులో పావు వంతు, అంటే 3.6 డిగ్రీలు, తేడాగా కూర్చుంటుంది. నాలుగు చేతుల్నీ ఒక్కొక్కటిగా పెట్టి చూడండి, ఏదో ఒకటి 90కి రెండు డిగ్రీల లోపే వచ్చి తీరుతుంది. ఆ చేతి మీద మార్కర్‌తో గుర్తు పెట్టుకుని మిగతా మూడూ కత్తిరించేయండి. ఈ హాబీలో నాకు చాలా ఇష్టమైన కిటుకు ఇది. 24 పళ్ళ సర్వో అయితే పనిచేయదు, 24 నాలుగుతో నిశ్శేషంగా పోతుంది కాబట్టి ఎటు తిప్పినా ఒకేలా కూర్చుంటుంది.

ఈ పని చేసేటప్పుడు మోటార్‌కి ప్రొపెల్లర్ తీసేయండి. ట్రిమ్‌లు మధ్యలో, సబ్‌ట్రిమ్ సున్నా, ఎండ్ పాయింట్స్ రెండు పక్కలా 100, ఎక్స్‌పో (మధ్య స్టిక్‌ని మెత్తబరిచే సెట్టింగు) సున్నా, డ్యూయల్ రేట్ (మొత్తం త్రోని తగ్గించే సెట్టింగు) 100 ఉన్నాయో లేదో చూసుకోండి. పుష్‌రాడ్ హార్న్ నుంచి ఊడదీసి ముందు ఆర్మ్ సంగతి తేల్చండి, ఆ తర్వాతే క్లెవిస్ తిప్పి ఐలరాన్‌ని మధ్యకి తెచ్చుకోండి. ఈ వరస తప్పితే ఒకదాని తప్పుని ఇంకోదానితో కప్పిపెట్టినట్టవుతుంది, మీ పాత ఓనర్ విషయంలో జరిగింది అదే.

సన్‌ప్యాక్_బ్యాచ్:

థర్మల్ సార్, ఆ పావు పన్ను లెక్క మా కాలేజీ టీమ్‌లో ఎవరికీ తెలీదు, రేపు అందరికీ చూపిస్తాను.

నాదీ ఇలాంటిదే కానీ ఎలివేటర్ (తోక మీద ఉండి ముక్కుని పైకీ కిందికీ తిప్పే పలక). సన్‌ప్యాక్ షీట్‌తో (లోపల గొట్టాలు ఉండే ప్లాస్టిక్ అట్ట) కట్టిన మోడల్, పుష్‌రాడ్ సైకిల్ స్పోక్. ఎలివేటర్ కిందికి 12 వస్తోంది, పైకి 8 దగ్గర ఆగిపోయి సర్వో గుర్రుమంటోంది. ఆర్మ్ 90లోనే ఉంది, ఇప్పుడే చూశాను. ఇదేంటి?

ఫ్రిస్కో_పార్క్‌ఫ్లయర్:

సన్‌ప్యాక్ తమ్ముడూ, సర్వో గుర్రుమంటోందంటే అది జామెట్రీ సమస్య కాదు, ఏదో అడ్డం తగులుతోంది. వెంటనే ఆపు, అలా బిగుసుకున్న సర్వో కరెంటు బాగా లాగుతుంది, వేడెక్కుతుంది, చిన్న బీఈసీ (రిసీవర్‌కి, సర్వోలకి కరెంటు ఇచ్చే సర్క్యూట్) అయితే రిసీవర్‌కి వోల్టేజీ కూడా పడిపోవచ్చు.

సన్‌ప్యాక్ హింజ్ మీరు ఎలా కోశారు? పై పొర మాత్రం కోసి కింది పొరని మడతగా వదిలారనుకుంటా. అలా కోస్తే ఎలివేటర్ కిందికి వెళ్ళినప్పుడు కోత తెరుచుకుంటుంది, అడ్డేమీ ఉండదు. పైకి లేచినప్పుడు కోసిన రెండు అంచులూ ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి. పై పొరలో ఒక గొట్టం వెడల్పు పట్టీ పూర్తిగా తీసేయాలి, అప్పుడు పైకీ ఖాళీ దొరుకుతుంది. తీసిన తర్వాత చేత్తో ఒక ఇరవై ముప్ఫై సార్లు రెండు పక్కలా పూర్తిగా వంచు, కొత్త మడత స్ప్రింగులా ఒక పక్కకి తోస్తూ ఉంటుంది, అది చచ్చేదాకా వంచాలి. పుష్‌రాడ్ ఊడదీసి ఎలివేటర్‌ని వేలితో కదిపితే దాని బరువుకే కిందికి వాలిపోవాలి. బాల్సా మోడల్‌లో హింజ్ టేపు పైన వేసినప్పుడు కూడా ఇదే జరుగుతుంది, కింది అంచు ఏటవాలుగా చెక్కకపోతే కిందికి దిగదు.

స్పోక్ గురించి ఒక మాట. రెక్కలో పది సెంటీమీటర్ల ముక్కకి స్పోక్ బ్రహ్మాండంగా ఉంటుంది. బాడీ పొడవునా ముక్కలు అతికి వేస్తే మధ్యలో ఆధారం లేకుండా వదలొద్దు. లాగేటప్పుడు ఏ కడ్డీ అయినా నిటారుగానే ఉంటుంది, తోసేటప్పుడు విల్లులా వంగుతుంది. టేబుల్ మీద గాలి ఉండదు కాబట్టి రెండు పక్కలా 12 కనిపిస్తుంది, గాల్లో వేగం మీద తోసే పక్క బాగా తగ్గిపోవచ్చు. చూడటం తేలిక: ఒక చేత్తో ఎలివేటర్‌ని కదలకుండా పట్టుకో, ఇంకొకరిని మెల్లగా స్టిక్ కదపమను, నువ్వు బాడీ లోపల కడ్డీ మధ్యభాగాన్ని చూడు. అది పక్కకి ఉబికితే అక్కడ ఒక ఆధారం పెట్టాలి. ప్లాస్టిక్ స్ట్రా ముక్కని బాడీ గోడకి అతికించి అందులోంచి కడ్డీ పోనిచ్చినా సరిపోతుంది.

గుంటూరు అన్నా, మీకు ఇంకో దారి కూడా ఉంది, వై కేబుల్ తీసేయడం. ఎఫ్‌ఎస్-ఐ6లో ఆరో ఛానెల్ ఖాళీగా ఉంటే రెండో సర్వోని దాంట్లో పెట్టి, ఆక్స్ ఛానెల్స్‌లో ఆరో దానికి నాబ్ లేకుండా చేసి, మిక్స్‌లో (ఒక ఛానెల్ వెంట ఇంకోదాన్ని నడిపే సెట్టింగు) మాస్టర్ ఛానెల్ 1, స్లేవ్ ఛానెల్ 6, పాజిటివ్ 100, నెగెటివ్ 100 ఇవ్వండి. అప్పుడు ఒక్కో ఐలరాన్‌కి సబ్‌ట్రిమ్, ఎండ్ పాయింట్ వేరువేరుగా దొరుకుతాయి. నేను ఎడ్జ్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్ ఉన్న రేడియో వాడతాను, అందులో ఔట్‌పుట్స్ పేజీలో ఛానెల్‌కి ఒక కర్వ్ కూడా తగిలించి స్టిక్ పొడవునా రెండు పక్కలా సరిచూసుకోవచ్చు. కానీ థర్మల్ గారి మాటే నా మాట కూడా: ఆర్మ్, హార్న్ సరిగ్గా కూర్చున్నాకే ఇదంతా.

హార్న్ కూడా ఒకసారి చూడండి. క్లెవిస్ పిన్ను దూరే రంధ్రం సరిగ్గా హింజ్ గీత కిందే ఉండాలి. చాలామంది హార్న్‌ని స్క్రూలు పట్టే చోట బిగించేస్తారు, దాంతో రంధ్రం నాలుగైదు మిల్లీమీటర్లు వెనక్కి పోతుంది. అలా పోతే కింద హార్న్ ఉన్న ఐలరాన్ పైకి ఎక్కువ, కిందికి తక్కువ వెళ్తుంది. రెండు రెక్కలకీ ఒకేలా బిగించి ఉంటే రెండింటికీ ఒకేలా వస్తుంది, ఒకదానికే వెనక్కి ఉంటే మళ్ళీ మీ పాత కథే.

డీజిల్_నుంచి_లిపో:

థర్మల్ గారు చెప్పిన మధ్య స్టిక్ విషయం నా పాత మోడల్ మీద కొలిచి చూశాను. సగం స్టిక్‌లో తేడా నిజంగానే తిరగబడింది. ఆర్మ్ విప్పుతున్నాను. ఒక సందేహం. రెండు పక్కలా సరిగ్గా సమానంగా ఉండటమే ఎప్పుడూ మంచిదా? ట్రైనర్‌లలో పైకి ఎక్కువ, కిందికి తక్కువ పెట్టమంటారు కదా.

విశాఖ_థర్మల్:

మంచి ప్రశ్న. ఒకే ఐలరాన్ పైకి, కిందికి సమానంగా ఉండాలన్న నియమం లేదు. ఎడమ ఐలరాన్ పైకి ఎంత వెళ్తుందో కుడిది కూడా పైకి అంతే వెళ్ళాలి, కిందికీ అంతే. ముఖ్యమైంది అది.

ట్రైనర్ లాంటి రెక్క మీద దిగే ఐలరాన్ లేచే ఐలరాన్ కంటే ఎక్కువ డ్రాగ్ (గాలి వెనక్కి పట్టే బలం) తెస్తుంది. కుడికి వంచితే ఎడమ ఐలరాన్ దిగి, ఆ రెక్కని వెనక్కి పట్టుకుంటుంది, ముక్కు ముందు ఎడమకి పోయి తర్వాత కుడికి వస్తుంది. నెమ్మదిగా ల్యాండింగ్‌కి వచ్చేటప్పుడు ఇది బాగా కనబడుతుంది. అందుకే కిందికి తగ్గిస్తారు. ఏరోబాటిక్ మోడల్‌కి, రెక్క పైనా కిందా ఒకే వంపు ఉన్నదానికి, ఇది అవసరం లేదు, సమానంగా పెట్టుకోండి.

దీనికోసం మిక్స్ కూడా అక్కర్లేదు. రెండు ఆర్మ్‌లనూ ముందుకి, లీడింగ్ ఎడ్జ్ వైపుకి, ఒక్కో పన్ను వాల్చండి. రెండు సర్వోలూ ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి షాఫ్ట్ మీద ఒకదాన్ని సవ్య దిశలో, ఇంకోదాన్ని అపసవ్య దిశలో జరపాలి. అప్పుడు రెండు ఐలరాన్‌లూ పైకి 14, కిందికి 11.5. ఎడమ ఆర్మ్‌కి ఇంతకుముందున్న వాలే ఇది, కుడి ఆర్మ్‌కి కూడా ఇచ్చామంతే. సర్వో, హార్న్ రెండూ రెక్క కింద ఉంటేనే ఈ లెక్క. హార్న్ పైన ఉంటే వెనక్కి వాల్చాలి.

కొత్తరెక్క_గుంటూరు:

ప్లస్ ఆర్మ్ పెట్టి చూశాను, కుడి సర్వోకి మూడో చెయ్యి సరిగ్గా నిటారుగా కూర్చుంది. హార్న్ రంధ్రాలు రెండూ హింజ్ గీత కిందే ఉన్నాయి. ఇప్పుడు నాలుగు కొలతలూ 13. సగం స్టిక్‌లో కూడా కొలిచాను, అన్నీ 7కి కొంచెం తక్కువ, తేడా స్కేలుకి దొరకట్లేదు. పొద్దున్నే గాలి లేని టైములో ఎగరేశాను. కుడికి, ఎడమకి ఒకేలా తిరుగుతోంది. కానీ ఇప్పుడు థర్మల్ గారు చెప్పిన ముక్కు సంగతి కనబడుతోంది, నెమ్మదిగా ఉన్నప్పుడు రెండు పక్కలకీ కొంచెం ఎదురు పోతోంది. ముందు కుడి పక్కన బద్ధకం వల్ల అది వేరుగా తెలియలేదు.

రెండు ఆర్మ్‌లూ ఒక్కో పన్ను ముందుకి వాల్చమంటారా, లేక ప్లస్ ఆర్మ్‌తో ఏడెనిమిది డిగ్రీలు చాలా?

విశాఖ_థర్మల్:

ముందు ఏడు డిగ్రీలు పెట్టండి, ప్లస్ ఆర్మ్‌లో రెండు మెట్లు. కిందికి సుమారు 12.5, పైకి 13.7 వస్తుంది. దానితో రెండు మూడు బ్యాటరీలు ఎగరేసి చూడండి. ముక్కు ఇంకా ఎదురు పోతుంటే అప్పుడు పూర్తి పన్ను. ఆర్మ్ జరిపిన ప్రతిసారీ క్లెవిస్ తిప్పి ఐలరాన్‌ని మళ్ళీ మధ్యకి తెచ్చుకోవాలి, క్లెవిస్ మీద సిలికాన్ రింగు వెనక్కి జరిపేసి మర్చిపోకండి, ఆర్మ్ మధ్య స్క్రూ కూడా బిగించాకే ఎగరేయండి. టేకాఫ్‌కి ముందు మోడల్ వెనక నిలబడి స్టిక్ కుడికి నొక్కితే కుడి ఐలరాన్ లేస్తోందో లేదో చూసుకోండి.